ఒడ్డును బట్టి బతుకు

2021 సెప్టెంబర్ 26 సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం దాటింది. మా ఊరు అక్కడికి దగ్గరే. ఇంట్లోవాళ్లు క్షేమంగా ఉన్నారని ఫోనులో వినేదాకా ఇక్కడ ఒమన్‌లో నా కంటికి కునుకు లేదు. ఆ తుపాను నేల మీద నీరసించి, తెలంగాణ, మహారాష్ట్రల మీదుగా సాగి, గుజరాత్ దగ్గర అరేబియా సముద్రంలోకి దిగి మళ్లీ బలం పుంజుకుంది. అప్పుడు దానికి షాహీన్ అని కొత్త పేరు పెట్టారు. అక్టోబర్ 3న అది వచ్చి తాకింది నేను పనిచేస్తున్న బాతినా తీరాన్నే. మా అమ్మ తలుపు తట్టిన తుపానే వారం తిరిగేసరికి నా తలుపూ తట్టింది.

ఒమన్ ఉత్తర తీరం మీదికి తుపాను అలా నేరుగా రావడం 1890 తర్వాత అదే మొదలని అప్పట్లో వార్తల్లో చెప్పారు. బాతినా తీరంలోని ఖాబూరాలో ఒక్క రోజులో 369 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాదంతా కలిపి 100 మిల్లీమీటర్లు పడితే మంచి కాలమనుకునే ప్రాంతం అది. పది మందికి పైగా చనిపోయారు. మా వైపు తుపాను అంటే ముందు సముద్రం వైపు చూస్తాం. ఇక్కడ ఊళ్లను ఎక్కువగా ముంచింది వెనుక నుంచి, కొండల మీద నుంచి దిగిన నీళ్లు.

ఆ నీళ్లతోనే నా పని. కొండల నుంచి సముద్రానికి దిగే ఎండు ఏర్లను ఇక్కడ వాదీలు అంటారు. వాటి మీద కల్వర్టులు, రోడ్ల పక్కన వాననీటి కాలువలు కట్టే సైట్లలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా ముఠాలో శ్రీకాకుళం, జగిత్యాల, కడప వాళ్లం కలిసి ఉన్నాం. ఏటికి నీళ్లు వచ్చేది ఎప్పుడో ఒక రోజు. ఆ ఒక్క రోజు కోసం మిగతా ఏడాదంతా పని చేస్తాం. ఈ పని మీద తీరం వెంబడి ఊరూరా తిరుగుతూ గమనించిందే ఇక్కడ రాస్తున్నాను. నాది చేపలు పట్టే కుటుంబం కాబట్టి ఎక్కడికి వెళ్లినా ముందు నా కళ్లు పడవల మీదికే పోతాయి.

ఒమన్‌కు 3,000 కిలోమీటర్లకు పైగా సముద్ర తీరం ఉంది. అదంతా ఒకే రకం తీరం కాదు. ఉత్తరాన హజర్ కొండల వరుస ఉంది, దాని ఎత్తయిన శిఖరం దాదాపు 3,000 మీటర్లు. మస్కట్ దగ్గర ఆ కొండలు సముద్రంలో కాళ్లు పెట్టుకుని ఉంటాయి. పడమటికి వెళ్లేకొద్దీ వెనక్కి జరిగి, ముందు ఒక మైదానాన్ని వదిలాయి. అదే బాతినా. బర్కా, ముసన్నా, సువైఖ్, ఖాబూరా, సహమ్, సొహార్, షినాస్ అన్నీ ఆ మైదానం అంచున సముద్రానికి ఆనుకుని వరుసగా ఉన్న ఊళ్లు. లక్షల ఏళ్లుగా వాదీలు మోసుకొచ్చిన గులకరాళ్లు, ఒండ్రు పేరుకుని ఏర్పడిన నేల అది. పైకి ఎండిపోయి కనిపించినా అడుగున మంచినీళ్లున్నాయి. అందుకే సముద్రానికి అంత దగ్గరగా కూడా ఖర్జూర తోటలు పెరిగాయి. ఒకే కుటుంబం ఉదయం వల లాగి, మధ్యాహ్నం తోటకు నీళ్లు పెట్టుకునే బతుకు ఇక్కడ తరతరాలుగా సాగింది.

ఈ తీరానికి సహజమైన రేవు లేదు. తిన్నగా సాగే ఇసుక ఒడ్డు, అలలు నేరుగా వచ్చి విరుగుతాయి. కాబట్టి పడవ తేలికగా ఉండాలి, ఇద్దరు మనుషులు ఎత్తి ఇసుకలోకి లాగేలా ఉండాలి. కలప దొరకదు, ఖర్జూరపు మట్టలు కావలసినన్ని ఉన్నాయి. ఆ మట్టలను తాళ్లతో బిగించి కట్టి, అడుగున మట్టల మొదళ్లు, పీచు కూరి షాషా అనే చిన్న పడవ చేసేవారు. సందుల్లోంచి నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి, పడవ మాత్రం మునగదు. మొదటిసారి దాన్ని చూసినప్పుడు మా ఊరి తెప్ప గుర్తొచ్చి ఆగిపోయాను. మా దగ్గరా అంతే. రేవు లేని ఇసుక ఒడ్డు, విరిగే అలలు, దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప. నీళ్లు పైకి వచ్చినా మునగదు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదు. ఒకే రకం ఒడ్డు రెండు చోట్లా ఒకే ఉపాయం నేర్పింది. ఇప్పుడు రెండు చోట్లా ఫైబర్ పడవలు, వాటికి వెనుక మోటార్లు వచ్చేశాయి. షాషాలను ప్రదర్శనల్లో చూడాల్సిందే.

వలల్లోనూ ఆ పోలిక ఉంది. మా వైపు అలివి వలను పడవలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టి, రెండు కొసలూ ఒడ్డున పట్టుకుని ఊరంతా లాగుతారు. బాతినాలోనూ చిన్న చేపల గుంపు ఒడ్డుకు వచ్చినప్పుడు అదే తీరున లాగుతారు. కాకపోతే ఇక్కడ చాలాచోట్ల మనుషులకు బదులు కొసకు బండి కట్టి లాగిస్తున్నారు. ఆ కవళ్లను ఇక్కడివాళ్లు ఊమా అంటారు. ఇసుక మీద పరిచి ఎండబెడతారు. అందులో మనుషులు తినేది కొంతే. పశువులకూ ఒంటెలకూ మేతగా, ఖర్జూర చెట్లకు ఎరువుగా మిగతాది పోతుంది. గడ్డి లేని దేశంలో పశువును బతికించింది సముద్రమే. తోటను పండించిందీ కొంతవరకు సముద్రమే.

సువైఖ్ దగ్గర మా సైటు పక్కన వలలు బాగుచేసుకునే ఒక పెద్దాయనతో నాకు మాటలు కలిశాయి. ఆయన హిందీ బాగా మాట్లాడతారు. ఈ తీరంలో పెద్దవాళ్లు చాలామందికి ఆ భాష వచ్చు. నేను చాచా అంటాను, ఆయన నన్ను బేటా అంటారు. మా నాన్న గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసేవారని చెబితే ఆయన ముఖం వెలిగింది. "వెరావల్ నాకు తెలియకపోవడమా! మా ఎదురింటి లాంటిదే కదా," అన్నారు. గుజరాత్ తీరం ఒమన్‌కు నిజంగానే ఎదురిల్లు. నడుమ ఉన్నది సముద్రం, అంతే.

ఆ చాచా తోట చూపించారు. సముద్రానికి దగ్గర వరుసల్లో చెట్లు మోడులయ్యాయి, కాస్త లోపలివి పచ్చగానే ఉన్నాయి. బావుల్లోకి ఉప్పు ఎక్కింది. పూర్వం ఎద్దుతో మోట తోడినంత కాలం పైన కొండల నుంచి భూమిలోకి దిగే మంచినీరు సముద్రపు నీటిని అవతలే నిలబెట్టింది. మోటారు పంపులు వచ్చి, తోటలు పెరిగి, తోడకం ఎక్కువయ్యాక ఆ ఒత్తిడి తగ్గింది. ఉప్పునీరు భూమి అడుగునే లోపలికి నడిచింది. కోనసీమలో, కృష్ణా డెల్టా చివరి ఊళ్లలో ఉన్నవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

దీనికి ఒమన్ చేసిన పని నాకు చాలా ఇష్టం. వాదీలు కొండ దిగి మైదానంలోకి వచ్చేచోట రీచార్జ్ డ్యాములు కట్టింది. మస్కట్‌కు పడమరగా అల్ ఖౌద్ డ్యామును 1985లో కట్టారు. ఇవి నీళ్లు నిలవ చేసుకునే డ్యాములు కావు. వరద ఉరవడిని ఆపి, బురద అడుక్కి దిగాక తేరిన నీటిని కిందికి మెల్లగా వదులుతాయి. అది గులకనేలలోకి ఇంకి, భూగర్భంలో సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. లేకపోతే ఆ వరద గంటల్లో సముద్రంలో కలిసిపోయేది. వాన అంత అరుదుగా పడే దేశం ఒక్క చుక్క కోసం ఇంత ఆలోచించింది. అయితే డ్యాము వెనుక నీటితో పాటు ఇసుకా ఆగిపోతుంది. ఒడ్డుకు చేరాల్సిన ఇసుక తగ్గితే ఒడ్డు సన్నబడుతుంది. ఈ చిక్కు ఇంకా తీరలేదు.

పాత ఊళ్లను చూస్తే వాదీ దారి వెనకటివాళ్లకు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. కోట, మసీదు, రాతి ఇళ్లు కాస్త మెరక మీద ఉంటాయి. వేసవిలో తోటల్లో ఉండడానికి ఖర్జూరపు మట్టలతో ఇళ్లు వేసుకునేవారు. మట్టల సందుల్లోంచి సముద్రపు గాలి ఆడుతుంది. వరద వస్తే ఇల్లు పోతుంది కానీ మళ్లీ కట్టుకోవడానికి చెట్టు పెరట్లోనే ఉంది. ఖర్జూరాలు కోసే కాలంలో మస్కట్ వాళ్లు కూడా బాతినా తోటలకు తరలి వచ్చేవారట. కాంక్రీటు వచ్చాక ఇల్లు ఎక్కడైనా నిలబడుతుందనే ధైర్యం పెరిగింది. ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాదీ ఒడ్డు చదునుగా, చవకగా దొరికే స్థలంలా కనిపించింది. షాహీన్ రాత్రి మునిగిన ఇళ్లలో అలాంటివి నేను చాలా చూశాను. పైకప్పులు చెక్కుచెదరలేదు, లోపల నడుము లోతు బురద.

ఆ తర్వాతి శుక్రవారం దేశం నలుమూలల నుంచి జనం బాతినాకు బయలుదేరారు. పారలు, బకెట్లు, తాగునీటి సీసాలు నింపుకున్న బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరాయి. అమీరూ లేదు, కూలీ లేదు, అందరి దుస్తులూ మోకాళ్ల దాకా బురదే. మా క్యాంపు నుంచి మేమూ వెళ్లాం. ఒక ఇంట్లో బురద ఎత్తిపోశాక ఆ ఇంటామె మాకు ఖావా అనే ఇక్కడి కాఫీ, ఖర్జూరాలు పెట్టింది. ఆమె దగ్గర పొడిగా మిగిలినవి అవే.

మస్కట్ కథ వేరు. అక్కడ కొండే గోడ. పాత మస్కట్ రేవు రెండు కొండల మధ్య చిన్న గిన్నెలా ఉంటుంది. ఆ గిన్నె అంచుల మీద జలాలీ, మిరానీ కోటలు కాపలా ఉంటాయి. 1507లో పోర్చుగీసువాళ్లు ఈ రేవును పట్టుకున్నారు, 1650లో ఒమనీలు వాళ్లను వెళ్లగొట్టారు. భూమి మీద నుంచి ఈ ఊరికి రావడం కష్టం, ఓడలో రావడం తేలిక. కాబట్టి మస్కట్‌కు తన వెనుక ఉన్న కొండ అవతలి ఊళ్ల కంటే కచ్, సింధ్, ముంబై, జాంజిబార్ దగ్గరయ్యాయి. కచ్ నుంచి, సింధ్‌లోని ఠట్టా నుంచి వచ్చిన వర్తకులు ఇక్కడ తరాలుగా ఉన్నారు. పాత మస్కట్‌లో శివాలయం ఉంది. 1970లో సొంత రియాల్ వచ్చేదాకా ఈ తీరంలో చెల్లింది రూపాయే. ఆ దాకా దేశం పేరు కూడా మస్కట్, ఒమన్ అని రెండు ముక్కలుగానే ఉండేది. ఓడల వైపు చూసే తీరం ఒకటి, కొండల్లో ఇమాముల పాలనను నమ్ముకున్న లోపలి దేశం ఒకటి. గీత గీసింది ఆ కొండలే.

ఇప్పటి మస్కట్‌లో ఆకాశహర్మ్యాలు లేవు. కట్టడాల ఎత్తుకు హద్దుంది, రంగు తెలుపు లేదా లేత ఛాయలే. పక్క దేశాల నుంచి వచ్చినవాళ్లు వెలితిగా చూస్తారు కానీ నాకైతే ఈ నిబంధన గౌరవంగా తోస్తుంది. ఆ నల్లని కొండల ముందు తెల్లని ఇళ్లు ఒదిగి ఉంటాయి. స్థలం లేక ఊరు కొండకూ నీటికీ మధ్య సన్నగా, సీబ్ దాకా యాభై కిలోమీటర్లు సాగిపోయింది. దీనివల్ల వచ్చే ముప్పు 2007 జూన్‌లో గోను తుపానుకు తెలిసింది. కొండల్లో ఒకచోట 600 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. దేశంలో దాదాపు 50 మంది చనిపోయారు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు ఆగిపోయి, ఊరు మునిగిన వారమే తాగడానికి నీళ్లు లేకుండా పోయాయి. నేను కట్టే కాలువల కొలతలన్నీ ఆ తుపాను తర్వాత మారినవే అని మా పాత ఇంజినీరు చెప్పేవారు.

తీరంలో పనిచేసేవాళ్లకు వేడి కన్నా ఉక్క పెద్ద శత్రువు. ఎడారిలో రాత్రయితే చల్లబడుతుంది. ఇక్కడ వేడెక్కిన సముద్రం రాత్రంతా ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఇదే తీరంలోని ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారి కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు బయట పని చేయించకూడదని చట్టం ఉంది. మంచి చట్టమే. అయితే తెల్లవారుజామున నాలుగింటికే చొక్కా తడిసిపోయే చోట ఆ మూడు గంటలు సరిపోవు. కొత్తగా వచ్చే కుర్రవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే: చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, నీడలో ఉన్నా నీళ్లు తాగుతూనే ఉండాలి, కళ్లు తిరిగితే సిగ్గుపడకుండా కూర్చోవాలి. ఈ తీరపు ఉప్పుగాలి ఇనుమునే తినేస్తుంది. అందుకే మేము ఒడ్డుకు దగ్గరి కట్టడాలకు ఎపాక్సీ పూత చువ్వలు, సల్ఫేటును తట్టుకునే సిమెంటు వాడతాం. వెనకటివాళ్లు మట్టిని ఖర్జూర మొద్దులతో కాల్చి, పొడిచేసి సారూజ్ అనే గచ్చు తయారుచేసుకున్నారు. దాంతో కట్టిన కోటలు ఇంకా నిలిచే ఉన్నాయి.

సూర్‌కు పని మీద వెళ్లడమంటే నాకు పండుగ. కొండలు కాస్త తప్పుకుని, సముద్రం లోపలికి ఒక మడుగులా వచ్చిన చోటు అది. అలల తాకిడి లేదు, ఆటుపోట్లకు నీళ్లు ఎక్కి దిగుతాయి. ఓడ కట్టి నీళ్లలోకి దింపడానికి అంతకంటే ఏం కావాలి? కానీ సూర్‌లో చెట్టు లేదు. టేకు మలబారు నుంచి వచ్చింది. 1951లో ఇక్కడే కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే పెద్ద ఓడను బయటికి అమ్మేసి, తర్వాత ఊరివాళ్లు తిరిగి తెచ్చుకుని ఒడ్డున నిలబెట్టుకున్నారు. దాని పక్కన నిలబడితే మెడ నొప్పి పుట్టేదాకా చూడాలనిపిస్తుంది. పూర్వం మేకులు లేకుండా, కొబ్బరి తాళ్లతో పలకలను కుట్టి కూడా ఓడలు కట్టేవారు. 1980లో ఆ పద్ధతిలోనే కట్టిన సొహార్ అనే ఓడ ఒమన్ నుంచి చైనా దాకా వెళ్లింది. మచిలీపట్నం, మద్రాసు తీరాల్లో అలల మీదుగా సరుకు దింపిన మాసూలా పడవలు కూడా ఇలా కుట్టినవే. గట్టిగా బిగించిన పడవ అల దెబ్బకు పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది.

తెరచాపల కాలంలో సూర్ ఓడలకు గాలే కాలెండరు. చలికాలంలో ఈశాన్య గాలి ఖర్జూరాలతో ఆఫ్రికా వైపు తీసుకెళ్లేది, నైరుతి గాలి మొదలయ్యాక అది వెనక్కి తెచ్చేది. గాలి తిరిగేదాకా అవతలి ఒడ్డున నెలలు ఆగాల్సి వచ్చేది. అలా ఆగినవాళ్లు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. 19వ శతాబ్దంలో సుల్తాను తన కొలువునే జాంజిబార్‌కు మార్చుకున్నాడు. 1964 విప్లవం తర్వాత, మరీ ముఖ్యంగా 1970 తర్వాత, చాలా కుటుంబాలు తిరిగి వచ్చాయి. మా కార్యాలయంలో ఇద్దరు ఒమనీ ఉద్యోగులు తమలో తాము స్వాహిలీలోనే మాట్లాడుకుంటారు. వాళ్ల ఇంట్లో కొబ్బరిపాలతో చేపల కూర తిన్నప్పుడు నాకు ఇంటి భోజనం అనిపించింది. బయటి దేశానికి వెళ్లి బతకడం, డబ్బు పంపడం, ఉత్తరం కోసం చూడడం వాళ్ల తాతలకు తెలుసు. మా మీద వాళ్లకు ఆదరం ఉండడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

దక్షిణాన సలాలాలో అదే నైరుతి గాలి మరో లోకాన్ని చేస్తుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా పొగమంచు, తుంపర, కొండల నిండా పచ్చిక. గాలి తోడకానికి సముద్రం అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది, దానితో చేపలకు మేత. ఆ నెలల్లో మాత్రం సముద్రం మీదికి పోలేరు. రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు, అరటిగెలలు అమ్ముతుంటే మా కోనసీమ మిత్రులు ఫోటోలు తీసి ఇంటికి పంపుతారు. ఆ తడి దాటని కొండ అవతలి పొడినేలలో సాంబ్రాణి చెట్లు పెరుగుతాయి.

మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకూ అంత లేదు. అయినా పెద్ద బోటు నిలిపే రేవు లేక మావాళ్లు ఏటా వెరావల్, మంగళూరు, చెన్నై వలస పోతారు. 2018 చివర్లో అలా గుజరాత్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. వాళ్లలో మాకు తెలిసినవాళ్లు ఉన్నారు. నేను చదువుకుని సిమెంటు పనిలోకి రావడానికి కారణం కూడా రేవు లేని ఆ ఒడ్డే.

బాతినాకూ సహజమైన రేవు లేదని చెప్పాను కదా. ప్రభుత్వం సహమ్, షినాస్ లాంటి చోట్ల రాళ్లతో అలకట్టలు వేసి చేపల రేవులు కట్టింది. చాచా కొడుకు ఊరు వదలకుండా వేట చేసుకుంటున్నాడు. ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 దాకా వంజరం పట్టకూడదు. ఆ రెండు నెలలు వేరే చేపకు వెళ్తాడు. ఇలాంటి రేవు మాకూ కావాలి. కానీ అలకట్టకు ఒక పక్క ఇసుక మేట వేయడం, మరో పక్క ఒడ్డు కోసుకుపోవడం నేను ఇక్కడ కళ్లారా చూశాను. మా తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా కట్ట వేస్తే ఉత్తరాన ఉన్న పల్లెలకు ఆ ఇసుక అందదు. ఉప్పాడలో ఇళ్లు సముద్రంలో కలుస్తున్న తీరు మనకు తెలియనిది కాదు. రేవు నక్షా గీసే రోజే, ఆగిన ఇసుకను తోడి అవతలి ఒడ్డుకు చేర్చే ఏర్పాటూ, దానికి ఏటా పెట్టాల్సిన ఖర్చూ అందులో రాసి ఉండాలి. మా ఊరి పెద్దలు గ్రామసభలో అడగడానికి ఈ రెండు విషయాలూ కాగితం మీద రాసి పంపాను.